నెత్తురు చెప్పిన జాడ

ఆ వానాకాలంలో జామిగెడ్డలో ముగ్గురు పిల్లలు మలేరియాతో పోయారు. నలభై ఒక్క గడపలున్న ఊరు. మూడో పిల్ల సింధు, ఐదేళ్లది. పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే పాంగి సుభద్రకు మేనకోడలు, అన్న బొంజుబాబు ఒక్కగానొక్క కూతురు.

సింధు తల్లి చిలకమ్మ ఆ ఊరి ఆశా కార్యకర్త. ఎవరి ఒళ్లు వెచ్చబడినా వేలు గుచ్చి, కిట్టు మీద చుక్క వేసి చూసేది. మాత్రలు దగ్గరుండి మింగించేది. తన పిల్లకూ అలాగే చేసింది. జ్వరం తగిలిన రోజే మాత్ర వేసింది. పిల్ల కక్కేసింది. మళ్లీ వేస్తే మళ్లీ కక్కేసింది. ఊరికీ పీహెచ్‌సీకీ మధ్య పారే గెడ్డ పొంగి రోజున్నర ఎవర్నీ దాటనివ్వలేదు. నీళ్లు తీసి బొంజుబాబు పిల్లను భుజాన వేసుకుని ఇవతలికి వచ్చేసరికి పిల్లకు తెలివి లేదు. ఆ నెత్తురు స్లైడు మీద పూసి మైక్రోస్కోపులో చూసింది సుభద్రే. పది కణాలు చూస్తే రెండింటిలో క్రిమి కనిపించింది. ఆమె తలెత్తి డాక్టరుకి సంగతి చెప్పేలోపే అవతలి గదిలో అన్న ఏడుపు వినిపించింది.

పన్నెండో రోజున చిలకమ్మ మళ్లీ సంచీ భుజాన తగిలించుకుని ఇళ్ల మీదికి వెళ్లింది. ఎవరూ వెళ్లమనలేదు, వద్దని కూడా అనలేదు.

భాద్రపదంలో ఒక పరిశోధనశాల జీపు పీహెచ్‌సీకి వచ్చింది. అందులో డాక్టర్ కౌండిన్య, బియ్యం డబ్బా అంత పరిమాణంలో ఉన్న ఒక యంత్రం దిగారు. యంత్రానికి ఆయన పెట్టుకున్న పేరు ‘జాడ’. ఎనిమిదేళ్లు కష్టపడి తయారుచేశాడట. ల్యాబ్‌లో చోటు కావాలని అడిగినప్పుడు సుభద్ర తన బల్ల ఖాళీ చేసి ఇచ్చింది. అదేం చేస్తుందని అడిగితే ఆయన పాత స్లైడ్ల పక్కన దాచి ఉంచిన రెండు నెత్తురు చుక్కలు తీసుకుని యంత్రానికి ఇచ్చాడు. ఇరవై నిమిషాల్లో తెరమీద రెండు రంగుల గీతలు వచ్చాయి.

మలేరియా క్రిమి ఒకరి ఒంట్లో చాలాకాలం బతకాలంటే ఆ ఒంటి కాపలాదార్లకు దొరక్కుండా చొక్కాలు మారుస్తూ ఉండాలి. ఏ చొక్కా తర్వాత ఏది వేసుకుంటుందన్నది ఒక్కో మనిషి నెత్తురులో ఒక్కోలా ఉంటుంది. దోమ దాన్ని ఇంకొకరి ఒంట్లోకి తీసుకుపోయాక కూడా కొన్నాళ్లు ఆ వరస మర్చిపోదు. ఆ చొక్కాల తాలూకు ప్రోటీన్లు రోగి నెత్తురులో తేలుతుంటాయి. వాటిని చదివితే క్రిమి ఇంతకుముందు ఎవరి ఒంట్లో కాపురముందో తెలుస్తుంది. ఇదీ ఆయన చెప్పింది.

“జ్వరం వచ్చినవాళ్లకి మనం మందిస్తాం. జ్వరమే రాకుండా ఏళ్ల తరబడి మోసేవాళ్లు ఉంటారు సుభద్రగారూ. వాళ్లకి తెలీదు, కిట్టుకీ అందదు. ఊరికి ఒకరో ఇద్దరో అలాంటివాళ్లని పట్టుకుంటే చాలు, మొత్తం గొలుసు తెగిపోతుంది” అన్నాడు.

ఆ మాట విన్నరోజు సుభద్రకు నెలన్నర తర్వాత మొదటిసారి ఆకలేసింది.

ఊరంతటి నెత్తురూ తీశారు. నూట అరవై మూడు మంది. ఇంటింటికీ దారి చూపించిందీ, భయపడిన ముసలివాళ్లను ఒప్పించిందీ చిలకమ్మే. యంత్రానికి పేర్లు ఇవ్వకూడదని, నంబర్లే ఇవ్వాలని కౌండిన్య ముందే నియమం పెట్టాడు. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం సుభద్ర బీరువాలో ఉంటుంది, తాళం ఆమె దగ్గరే ఉంటుంది. చనిపోయిన పిల్లల నెత్తురు కూడా ల్యాబ్‌లో దాచి ఉంది కనుక వాళ్లకూ నంబర్లు వేశారు.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం కౌండిన్య కుర్చీలోంచి లేచి నిలబడి తెర చూశాడు. ఆ సీజన్లో ఊళ్లో జ్వరపడినవాళ్లు ఇరవై ఏడుగురు. అందులో పంతొమ్మిది మంది దగ్గర్నుంచి గీతలు వెనక్కి వెళ్లి ఒకే చుక్క దగ్గర కలిశాయి. పద్నాలుగో నంబరు. ఇంత స్పష్టంగా వస్తుందని తానే అనుకోలేదన్నాడాయన. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎనిమిదేళ్ల పని అది. సుభద్ర ఆయన్ని తప్పు పట్టలేకపోయింది.

ఆమె బీరువా తెరిచి పుస్తకం చూసింది. చూడకముందే ఆమెకు అనుమానం ఉంది. పద్నాలుగో ఎదురుగా తన చేతిరాతతోనే వదిన పేరుంది. సింధు నంబరు నూట అరవై ఆరు. ఆ గీత కూడా పద్నాలుగు దగ్గరికే వెళ్లింది.

ఆ సాయంత్రం క్వార్టర్లో పొయ్యిమీద అన్నం మాడిపోయింది. దించి, గిన్నె నానబెట్టి, మళ్లీ బియ్యం కడిగి, పొయ్యి వెలిగించకుండానే వదిలేసింది. బట్టలు మడతపెట్టి మళ్లీ విప్పింది. చిలకమ్మకు తొమ్మిదేళ్లుగా ఒక్క జ్వరం కూడా రాలేదు. ఆ సంగతి తానే గొప్పగా చెప్పుకునేది, చిన్నప్పుడే జ్వరాలన్నీ వచ్చి పోయాయనీ, ఇప్పుడు దోమ తనను చూసి పారిపోతుందనీ. అవి పోలేదు. ఒంటికి అలవాటైపోయాయంతే.

చేయాల్సిన పని చిన్నదే. మూడు రోజుల మాత్రలు, దోమకు అంటకుండా చేసే మాత్ర ఇంకొకటి. అయిపోతుంది. ఎందుకో చెప్పకుండా ఇచ్చేస్తే చాలనుకుంది సుభద్ర. ఇది పిరికితనమని తెలుసు. తెలిసే మాత్రలను అట్టల్లోంచి వలిచి కాగితం పొట్లంలో కట్టుకుంది. పొద్దున్నే జామిగెడ్డ బయల్దేరింది.

వెళ్లేసరికి చిలకమ్మ అరుగు మీద కూర్చుని చోళ్ల గింజలు చెరుగుతోంది. బొంజుబాబు కాఫీ తోటలో నీడచెట్ల కొమ్మలు నరకడానికి వెళ్లాడని చెప్పింది. సుభద్ర పొట్లం ఇచ్చి, బాగా చిక్కిపోయావు, బలానికి వేసుకో అంది. చిలకమ్మ చేట పక్కన పెట్టి పొట్లం విప్పింది. మాత్రలు అరచేతిలో పోసుకుని వేలితో ఒక్కొక్కటీ జరిపి చూసింది.

“బలం మాత్రలు నాకు తెలవ్వా?” అంది. “తొమ్మిదేళ్లయి పంచతన్నాను. ఇవి మలేరియావి. ఈ చిన్నది దోమకి అంటకుండా ఇచ్చీది. నాకు జొరం లేదు కదే.”

చిలకమ్మ తలెత్తి సుభద్ర మొహంలోకి చూసింది.

“ఆ మిషను నా నంబరు చెప్పిందేటి?”

“అవునొదినా.”

“ఎంతమందికి?”

“పంతొమ్మిది.”

పెరట్లోంచి కోడి పిల్లలతో సహా చేట దగ్గరికి వచ్చి చోళ్లు ఏరుకుంటోంది. ఎవరూ అదిలించలేదు.

“సింధుకీ?”

సుభద్ర తల వంచుకుంది. చిలకమ్మ లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చుకుంది. మొదటి రోజువి లెక్క చూసుకుని వేరుచేసి నోట్లో వేసుకుంది. మింగి, మిగతావి కొంగున ముడేసుకుంది. గోడకు చేరబడి కూర్చున్నాక నెమ్మదిగా అంది.

“ఈ చిన్న మాత్ర ఇచ్చీముందు కడుపేటైనా ఉందా అని అడగాలి. నువ్వు అడగలేదు. ఇంకెవరికీ అలా ఇచ్చీకు.” కాస్త ఆగి, “లేదులే” అని తానే జవాబు చెప్పింది.

సుభద్ర ఆమె పక్కన మధ్యాహ్నం దాకా కూర్చుంది. చిలకమ్మ ఏడవలేదు. ఆ రోజుల్లో సింధు తన పక్కలోనే పడుకునేదని మాత్రం ఒకసారి అంది. బొంజుబాబుకు తానే చెప్తానంది. చెప్పింది కూడా. బొంజుబాబు విని, ఆమెను ఒక్క మాటా అనకుండా, గొంగడి తీసుకుని కాఫీ తోటలోని పాకకు వెళ్లిపోయాడు. పద్దెనిమిది రోజులు ఇంటికి రాలేదు. రెండు రోజులకోసారి చిలకమ్మ అంబలి తీసుకెళ్లి పాక గుమ్మంలో పెట్టి వచ్చేది. మర్నాటికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది.

కౌండిన్య మాటకు కట్టుబడ్డాడు. పేరు ఎవరికీ చెప్పలేదు. ఆ నంబరు ఎవరిదని సుభద్రనూ అడగలేదు. అయితే ఇంటి నంబరు ఆయన దగ్గరున్న పటంలో ఉంది. చుక్క ఉన్న ఇంటికి, చుట్టూ ఉన్న నాలుగిళ్లకు వెంటనే మందు కొట్టాలని, కొత్త దోమతెరలు కట్టాలని రాసి ఇచ్చాడు. ఆయన లెక్కలో అది ఒక ఇల్లు మాత్రమే. స్ప్రే పనివాళ్లు వచ్చి చిలకమ్మ ఇంటికి వారంలో రెండుసార్లు లోపలా బయటా మందు కొట్టారు. పక్క నాలుగిళ్లకూ ఒక్కసారి కొట్టారు. మిగతా ఊరి వైపు వెళ్లలేదు.

ఊరివాళ్లకు అది చాలు. నెత్తురు తీశాక మిషను చెప్పే మాట కోసం అందరూ ఎదురుచూస్తూనే ఉన్నారు.

మర్నాటి నుంచి చిలకమ్మ వెళ్తే తలుపులు దగ్గరికి వేసి ఉండేవి. లోపల పొయ్యి మండుతూనే ఉండేది, పిలిస్తే ఎవరూ పలికేవారు కాదు. బరువు చూడటానికి పసివాళ్లను తేలేదు. కుళాయి దగ్గర ఆమె బిందె నిండేదాకా మిగతావాళ్లు దూరంగా నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. చనిపోయిన మిగతా ఇద్దరు పిల్లల తల్లుల్లో ఒకామె మాత్రం దారిలో ఎదురై, ఆగి, ఏదో అనబోయి మానేసి వెళ్లిపోయింది. ఆ మాట అనేసినా బాగుండేదని చిలకమ్మ సుభద్రతో చెప్పుకుంది.

మందు కొట్టిన ఇంటివాళ్లను ఊరు దూరం పెడుతోందని, పేరు చెప్పకుండా, సుభద్ర కౌండిన్యకు చెప్పింది. ఆయన తెల్లబోయాడు. పేరు బయటికి రాలేదు కదా అన్నాడు మొదట. తర్వాత తాను ఊరిని పటంలో చూసినంతగా కళ్లతో చూడలేదని ఒప్పుకున్నాడు. అయినా యంత్రాన్ని ఆపలేనన్నాడు. వచ్చే ఏడాది రెండు వందల ఊళ్లకు దీన్ని తీసుకెళ్తే ఎంతమంది పిల్లలు బతుకుతారో లెక్క వేసి చూపించాడు. ఆ లెక్క అబద్ధం కాదని సుభద్రకు తెలుసు. ఆమెకు నిలకడ లేకుండా చేసింది అదే. యంత్రం తప్పు చెప్పి ఉంటే దాన్ని తిట్టుకుని ఊరుకునేది.

తెర ముందు కూర్చుని ఆ పంతొమ్మిది గీతలనూ చూసీ చూసీ ఒకరోజు ఆమెకు ఒక ప్రశ్న తట్టింది.

“సార్, వదిన్నుంచి బయటికి వెళ్లే గీతలు ఉన్నాయి. ఆమెలోకి వచ్చినవి ఏవి?”

అలా అనేశాక నాలుక కరుచుకుంది. పద్నాలుగో నంబరు ఎవరిదో ఆయనకు అప్పుడే తెలిసింది. గొలుసు తెంపడానికి లోపలికి వచ్చే గీతలు అక్కర్లేదు కనుక గీయించలేదన్నాడాయన. గీయమంది సుభద్ర.

గంట పట్టింది. పద్నాలుగో చుక్కలోకి తొమ్మిది ఇళ్ల నుంచి గీతలు వచ్చాయి. ఒక్కో ఏడాదిదీ ఒక్కో పొర. సుభద్ర పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో ఇంటినీ పోల్చుకుంది. ఆ తొమ్మిది ఇళ్లూ ఎప్పుడో ఒకప్పుడు జ్వరంతో మంచం పట్టినవే. ప్రతి ఇంట్లోనూ చిలకమ్మ సాయంత్రాలు రోగి పక్కన కూర్చుంది. తడిగుడ్డ వేసింది, మాత్ర కక్కితే మళ్లీ వేసింది. దోమలు ఆ రోగినీ కుట్టాయి, ఆమెనూ కుట్టాయి.

సుభద్ర ఆ గీతలను కాగితం మీద ప్రింటు తీసి సంచీలో పెట్టుకుంది. ఊళ్లోకి వెళ్లి అందరి ముందూ విప్పాలని నిశ్చయించుకుంది.

ఆమె జామిగెడ్డ చేరిన రోజు పొద్దున ఊరి చివర సాయమ్మ ఇంటి ముందు పదిమంది మూగి ఉన్నారు. సాయమ్మ నాలుగేళ్ల కూతురు అక్షితకు మూడు రోజులుగా జ్వరం. చిలకమ్మకు తెలియకూడదని పిల్లను లోపలే దాచి, చెట్టుమందు పోస్తున్నారు. పక్కింటి ముసలమ్మ ఉండబట్టలేక చెప్పేసింది. చిలకమ్మ సంచీతో వచ్చి వాకిట్లో నిలబడింది. సాయమ్మ గుమ్మానికి అడ్డంగా ఉంది. నీ చెయ్యి నా పిల్ల మీద పడనివ్వనంటోంది.

సుభద్ర గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. కాగితం బయటికి తీసింది. ఆ తొమ్మిది ఇళ్లలో సాయమ్మ ఇల్లూ ఉంది. రెండేళ్ల కిందట ఆమె పెద్ద కూతురు జ్వరపడితే చిలకమ్మ నాలుగు సాయంత్రాలు అక్కడే ఉంది. “మా వదినకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా మీకు” అని మొదలుపెట్టింది సుభద్ర.

చిలకమ్మ ఆమె చేతిలోంచి కాగితం తీసుకుంది. చూసింది. ఆమెకు గీతలు అర్థమయ్యాయి. మడిచి జాకెట్లో దోపుకుంది.

“వద్దు,” అంది మెల్లగా, సుభద్రకు మాత్రమే వినబడేలా. “నాకు తెలిసింది చాలు. ఈ బరువు సాయమ్మకి ఇచ్చీకు.”

తర్వాత సాయమ్మ వైపు తిరిగింది. ఈసారి అందరికీ వినపడింది.

“నా నెత్తుట్లో ఉండీది. నిజమే. మీ పిల్లలకి నా కాణ్ణుంచే వచ్చింది, నా సింధుకీ వచ్చింది. నాకు తెలవదు. తెలిసిన రోజే మాత్రలు మింగీసినాను. మళ్లీ చూసినారు, ఇప్పుడు లేదంతన్నారు. నన్ను నమ్మొద్దు సాయమ్మా. నన్ను ముట్టుకోనివ్వొద్దు. కిట్టు ఇదుగో, సూది ఇదుగో. నువ్వే గుచ్చు. ఎలాగో నేను ఇక్కణ్ణుంచి చెప్తాను.”

సంచీ నేలమీద పెట్టి, పది అడుగులు వెనక్కి నడిచి పనస మొద్దు మీద కూర్చుంది.

లోపల పిల్ల మూలిగింది. సాయమ్మ వంగి సంచీ తీసుకుంది. ఉంగరం వేలు పట్టుకో, పక్కగా గుచ్చు, మొదటి చుక్క తుడిచెయ్, రెండోది ఎత్తి ఇందులో వెయ్ అని చిలకమ్మ ఒక్కొక్కటీ చెప్తూ పోయింది. సాయమ్మ అలాగే చేసింది. పావుగంటకు కిట్టు మీద మలేరియా ఉందన్నట్టు రెండు గీతలు తేలాయి. పిల్ల అప్పటికే కళ్లు తేలేస్తోంది. సుభద్ర మొదటి మోతాదు మాత్ర నలిపి నీళ్లలో కలిపి పట్టింది. ఇక్కడ ఉంచితే లాభం లేదని, సూదిమందు పడాలని చెప్పింది.

గెడ్డలో నడుములోతు నీళ్లున్నాయి. పిల్లను ఎవరు దాటించాలని చూస్తుండగా కాఫీ తోట వైపు నుంచి బొంజుబాబు వచ్చాడు. గోల విని వచ్చాడట. ఏమీ అడగలేదు. అక్షితను భుజం మీద వేసుకుని, సింధును ఎత్తుకుని దాటిన చోటే నీళ్లలోకి దిగాడు. వెనక సాయమ్మ దిగింది. ఒడ్డున జారబోతుంటే చిలకమ్మ చెయ్యి అందించింది. సాయమ్మ పట్టుకుంది.

పిల్ల బతికింది. అయిదో రోజున లేచి కూర్చుని బన్ను అడిగింది. బొంజుబాబు ఆ రోజు సాయంత్రం గొంగడి తెచ్చుకుని ఇంటికి వచ్చాడు. ఆలుమగల మధ్య ఏం మాటలు నడిచాయో సుభద్ర అడగలేదు.

కార్తీకం దాటాక జామిగెడ్డలో ఒక్క జ్వరం కూడా రాలేదు. కౌండిన్య చెప్పిందే జరిగింది. అయినా మిగతా ఇద్దరు పిల్లల ఇళ్లలో చిలకమ్మకు తలుపు తెరుచుకోలేదు. ఆమె ఆ ఇళ్ల మాత్రలు అంగన్‌వాడీ ఆయా చేత పంపేది.

రెండు వందల ఊళ్ల పని మాఘంలో మొదలైంది. సుభద్ర ఒక షరతు పెట్టింది. జాడ ఎవరి నంబరు చెప్పినా ఆ ఊళ్లో అందరూ ఒకే రోజు, ఒకే చోట మాత్రలు మింగాలి. మందు కొడితే ప్రతి ఇంటికీ కొట్టాలి. అంత మందు పైవాళ్లు ఇవ్వరని కౌండిన్య వాదించాడు. అన్ని ఊళ్ల నంబర్ల పుస్తకాలూ తన బీరువాలోనే ఉండాలి కనుక, ఒప్పుకోకపోతే తాళం ఇవ్వనందామె. ఆయన నెలరోజులు తిరిగి ఒప్పించుకొచ్చాడు. చిలకమ్మను కూడా తమతో పంపమని సుభద్ర అడిగితే కాదనలేదు.

మొదటి ఊరు పనసగరువు. అక్కడ గీతలు కలిసిన నంబరు ఒక పడుచుదానిది. కిందటేడు ఆమె కొడుకు రెండేళ్లవాడు చనిపోయాడు. ఊరంతా మాత్రలు మింగింది, ఎవరి మీదా ఎవరికీ అనుమానం లేదు. ఇక జీపు ఎక్కడమే. చిలకమ్మ ఎక్కలేదు, ఆ పడుచుకి సంగతి చెప్పాలంది.

చెప్పక్కర్లేదు కదొదినా అంది సుభద్ర. మాత్ర పడిపోయింది, ప్రమాదం లేదు. తెలియకపోతే ఆమె బతుకు ఆమె బతుకుతుంది.

“కాగితం మీద ఉంది కదే,” అంది చిలకమ్మ. “ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు చూసి చెప్పీస్తారు. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు. నాకు నువ్వున్నావు.”

“చెప్పాక ఆ అమ్మాయి తట్టుకోలేకపోతే?”

చిలకమ్మ తనకూ తెలియదన్నట్టు ఆ ఇంటి వైపు చూసింది. సుభద్ర ఆమెను ఆపాలనుకుంది. ఆమె సంచీ పట్టుకుని, తానే వదిలేసింది. జీపు దగ్గర కౌండిన్య గడియారం చూసుకుని, ఇంజన్ ఆపించాడు.

చిలకమ్మ వాకిట్లో చెప్పులు విడిచింది. లోపల ఆ అమ్మాయి కింద కూర్చుని అల్లం పొట్టు తీస్తోంది. ఎవరో కొత్తామె వచ్చిందని లేవబోతే, లేవొద్దని చెయ్యి ఊపి తాను కూడా నేలమీదే కూర్చుంది. గంపలోంచి ఒక అల్లం ముక్క తీసుకుని తానూ పొట్టు తీయడం మొదలుపెట్టింది. బయట నిలబడ్డ సుభద్రకు పొట్టు గీకే చప్పుడు వినిపించింది. తర్వాత వదిన గొంతు వినపడింది, తడబాటు లేకుండా.

“నాకు సింధు అని ఒక కూతురుండీది, అమ్మా.”